బంగారు రేణువుకు బంక పూత: గురి చూసే మందుల చరిత్ర



కిందటి నెలలో హనుమకొండలోని మా ఇంటికి ములుగు వైపు నుండి ఒక తండ్రి వచ్చాడు. ఆయన కుమారునికి ఆరేళ్లు. రక్తపు క్యాన్సరు సోకగా హైదరాబాదులో వైద్యం చేయించి, ప్రమాదపు దశ దాటించి, ఇప్పుడు ఇంటివద్దనే మాత్రలు వాడిస్తున్నారు. వచ్చినాయన చేతిసంచిలోనుండి ఒక చిన్న సీసా తీసి నా ముందు పెట్టాడు. లోపల దానిమ్మ రసం వంటి ఎర్రని ద్రవం ఉంది.

"సారూ, ఇది బంగారు మందంట. నానో బంగారం. సీదా క్యాన్సరు కాడికే పోతదట. ఇంగ్లీషు గోలీల వేడికి పిల్లగాడు ఆగుతలేడు, నోరంతా పూసింది. అందుకే మూడు వారాల సంది గోలీలు బందువెట్టి ఇది పోస్తున్నం. మంచిదేనా?"

ఆ సీసాకు ఆయన పెట్టిన వెల ఒక కూలి కుటుంబానికి రెండు నెలల గ్రాసం. డబ్బు మాట అటుంచితే, మానివేసిన ఆ మూడు వారాల మాత్రలు నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి.

"ఇది మోసం" అని ఒక్క మాటతో ఆయనను పంపివేయవచ్చు. అయితే సీసా అమ్మినవాడు పలికిన మాటలన్నీ కట్టుకథలు కావు. బంగారు నానో రేణువులు ఉన్న మాట నిజం. వాటికి పాలిమర్ పూత పూసి, మందు తగిలించి, క్యాన్సరు గడ్డ వద్దకు చేర్చే ప్రయత్నాలు జరిగిన మాటా నిజమే. సగం నిజాన్ని కాదనడానికి మిగిలిన సగం తెలియాలి. అందుకే ఆయనకు ఆనాడు ముక్కలుగా చెప్పిన చరిత్రను మీకు వరుసగా నివేదిస్తున్నాను.

ఎర్రని బంగారం

బంగారం పచ్చగా ఉంటుందని మనకు తెలుసు. మేలిమి బంగారాన్ని ద్రవరాజంలో కరిగించి, ఆ ద్రావణం నుండి బంగారాన్ని అతిసూక్ష్మ రేణువులుగా విడదీస్తే నీరు కెంపు రంగుకు మారుతుంది. రేణువు పరిమాణం పదుల నానోమీటర్లకు తగ్గినప్పుడు దానిలోని ఎలక్ట్రాన్లు వెలుగు తాకిడికి ఒక్కుమ్మడిగా ఊగుతాయి. అవి ఆకుపచ్చ కాంతిని మింగివేయగా మిగిలిన ఎరుపు మన కంటికి చేరుతుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 7,000 నానోమీటర్లు. మనం చెప్పుకొనే బంగారు రేణువు దానిలో కొన్ని వందలవ వంతు మాత్రమే.

ఈ ఎరుపును మనుషులు ఎరుగక ముందే వాడుకున్నారు. లండను బ్రిటిష్ మ్యూజియంలోని నాలుగవ శతాబ్దపు రోమన్ గాజుపాత్ర, లైకర్గస్ కప్, బయటి వెలుగులో ఆకుపచ్చగానూ, లోపల దీపం పెడితే ఎర్రగానూ కనిపించడానికి గాజులో కలిసిన వెండి బంగారు సూక్ష్మరేణువులే కారణం. మన ఆయుర్వేదంలో బంగారాన్ని శోధించి, పుటాలు పెట్టి స్వర్ణభస్మం చేయడం శతాబ్దాల నాటి విద్య. ఐరోపాలో పారాసెల్సస్ వంటివారు తాగే బంగారాన్ని సర్వరోగ నివారిణిగా కొనియాడారు. బంగారం తుప్పు పట్టదు గనుక దానిని సేవించిన దేహమూ చెడదన్న ఊహ తూర్పునా పడమరా ఒకటే. ఊహ అందమైనదే గాని, అది రుజువు కాలేదు.

శాస్త్రీయ పరిశీలన 1857లో మొదలైంది. ఆ సంవత్సరం మైకేల్ ఫారడే లండను రాయల్ సొసైటీలో బంగారానికీ వెలుగుకూ గల సంబంధాన్ని గూర్చి ప్రసంగించాడు. ఎర్రని ద్రవంలో ఉన్నది బంగారపు సూక్ష్మ రేణువులేనని ఆయన ఊహించాడు. ఇంకొక సంగతినీ గుర్తించాడు. ఆ ద్రవంలో కొద్దిగా ఉప్పు వేస్తే ఎరుపు పోయి నీలంగా మారుతుంది, కొంతసేపటికి బంగారం అడుగున పేరుకుంటుంది. ముందుగా కొంచెం జెల్లీ కలిపి ఉంచితే ఉప్పు వేసినా రంగు అంత సులభంగా మారదు.

పాఠకులు ఈ చిన్న ప్రయోగాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలని నా మనవి. తరువాతి కథ అంతా దానిమీదనే నిలిచింది. బంగారు రేణువులు ఒకే రకమైన విద్యుదావేశం వల్ల ఒకదానినొకటి నెట్టుకుంటూ నీటిలో తేలుతుంటాయి. ఉప్పు ఆ నెట్టుడును అణచివేస్తుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలవుతాయి. మన రక్తంలోనూ ఉప్పు ఉంది. కాబట్టి పూత లేని బంగారు రేణువు రక్తంలో చేరితే విడిగా నిలవడం కష్టం. దానికొక తొడుగు కావాలి.

ఆ తొడుగు బలాన్ని కొలిచే పద్ధతిని 1901లో రిచర్డ్ జిగ్మాండీ ప్రవేశపెట్టాడు. పది మిల్లీలీటర్ల ఎర్రని బంగారు ద్రవానికి పది శాతపు ఉప్పునీరు ఒక మిల్లీలీటరు కలిపినప్పుడు రంగు మారకుండా కాపాడటానికి ఎన్ని మిల్లీగ్రాముల జిగురు పదార్థం అవసరమో, అది ఆ పదార్థపు స్వర్ణసంఖ్య. సంఖ్య ఎంత చిన్నదైతే కాపుదల అంత గట్టిది. జెలటిన్ స్వర్ణసంఖ్య 0.005 నుండి 0.01. తుమ్మజాతి చెట్ల నుండి వచ్చే గమ్ అరబిక్‌కు 0.15 నుండి 0.25. బంగాళాదుంప గంజిపొడికి 25 వరకు. కళాశాలలో రసాయనశాస్త్రం చదివిన మా తరం వారికి ఈ స్వర్ణసంఖ్య పరీక్షల ప్రశ్నగా గుర్తుండే ఉంటుంది. జిగ్మాండీకి 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. నేడు పాలిమర్ పూతగల బంగారు నానో రేణువు అని గంభీరంగా చెబుతున్నదానికి మూలం ఈ జిగురూ ఉప్పూ లెక్కలోనే ఉంది.

మన అడవి బంక

పాలిమర్ అనగానే ప్లాస్టిక్ గుర్తుకు రావడం సహజం. చిన్న అణువులు గొలుసుగా కూడిన ఏ పెద్ద అణువైనా పాలిమరే. ఆ లెక్కన గంజి, దూది, చెట్టు బంక అన్నీ ప్రకృతి చేసిన పాలిమర్లు. మన తెలుగు అడవులలో గిరిజనులు కొండగోగు బంకను సేకరించి అమ్ముతారు. 2011లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జీవరసాయన విభాగానికి చెందిన ఆర్.బి. శశిధర్, భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన బి. శ్రీధర్, వారి సహచరులైన వి.టి.పి. వినోద్, పి. శరవణన్ మొదలైనవారు ఈ కొండగోగు బంకతోనే వెండి, బంగారం, ప్లాటినం నానో రేణువులను తయారుచేసిన విధానాన్ని ప్రచురించారు. బంగారు లవణాన్ని లోహంగా మార్చే పనినీ, ఏర్పడిన రేణువు ముద్ద కాకుండా కాపాడే పనినీ ఒకే బంక నిర్వహించింది. వేరే కఠిన రసాయనం అవసరం కాలేదు.

అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో కట్టేశ్ కట్టి, రఘురామన్ కన్నన్ మొదలైనవారి బృందం 2007లో గమ్ అరబిక్ పూతగల బంగారు రేణువులు జంతువుల దేహంలో ఎక్కడెక్కడికి చేరుతాయో పరిశీలించింది. ఆ తరువాత రేడియోధార్మిక బంగారాన్ని అదే బంకతో చుట్టి, ఎలుకలలో పెంచిన ప్రోస్టేటు గడ్డలలోనికి నేరుగా ఎక్కించి, గడ్డలు బాగా కుంచించుకుపోయినట్లు చూపింది. ఇవి జంతువుల మీది ఫలితాలన్నది మరువరాదు.

మన వరంగల్లుకు కూడా ఈ చరిత్రలో స్థానం ఉంది. 1976లో వెలసిన కాకతీయ విశ్వవిద్యాలయంలోని ఔషధ విజ్ఞాన విభాగం నుండి వి. వెంకటేశ్వర్లు, కె. మంజునాథ్ 2004లో ఒక పరిశోధన ప్రకటించారు. క్లోజపిన్ అనేది తీవ్రమైన మానసిక వ్యాధికి ఇచ్చే మందు. నోటి ద్వారా ఇస్తే అందులో చాలా భాగం కాలేయంలోనే విచ్ఛిన్నమైపోయి, రక్తానికి తక్కువ అందుతుంది. వీరు ఆ మందును ఘనమైన కొవ్వు నానో రేణువులలో పొదిగారు. మరుసటి సంవత్సరం ఎలుకలలో చేసిన పరీక్షలో, పేగులోనికి ఆ రేణువుల రూపంలో ఇచ్చినప్పుడు రక్తానికి అందిన మందు పెరిగిందని చూపారు. అక్కడ వాహనం బంగారం కాదు, కొవ్వు. అయినా ప్రశ్న ఒక్కటే: మందు మంచిదే, దానిని చేరవలసిన చోటికి చేర్చడం ఎట్లా?

గురి నేర్పిన తెలుగువాడు

చేరవలసిన చోటికి మాత్రమే చేరే మందును ఇరవయ్యవ శతాబ్దారంభంలో జర్మను వైద్యుడు పాల్ ఎర్లిక్ మాయతూటా అని పిలిచాడు. ఆ తూటాకు గురి ఎలా కుదురుతుంది? ఇక్కడ మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోవాలి.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధివల్ల తన సోదరులను పోగొట్టుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించారు. 1923లో అమెరికా చేరి హార్వర్డులో పనిచేశారు. తరువాత లెడర్లీ ప్రయోగశాలలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. రక్తహీనతకు మనం గర్భిణులకు ఇచ్చే విటమిను అదే.

కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. వేగంగా పెరిగే క్యాన్సరు కణానికి అది మరీ అవసరం. బోస్టనులో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థం ఇచ్చినప్పుడు వ్యాధి ముదరడం గమనించాడు. అయితే దానిని అడ్డుకునే పదార్థం ఇస్తే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లంలా కనిపించే, కాని దాని పనిని చెడగొట్టే అమినోప్టెరిన్‌ను అందించింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు వెలువడ్డాయి. 16 మంది పిల్లలలో 10 మందికి, తాత్కాలికంగానే అయినా, వ్యాధి వెనుకకు తగ్గింది. అంతకుముందు ఏ మందుకూ ల్యుకేమియా అట్లా లొంగలేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మందు మెథోట్రెక్సేట్.

ములుగు నుండి వచ్చిన ఆ తండ్రి మూడు వారాలుగా మాన్పించిన మాత్రలలో వారానికి ఒకమారు వేయవలసిన మెథోట్రెక్సేట్ కూడా ఉంది. ఒక తెలుగువాని ప్రయోగశాల నుండి వచ్చి, లోకమంతటా లక్షలాది పిల్లల ప్రాణం నిలిపిన మందుల వంశంలోనిది పక్కకు పోయి, పేరూ ఊరూ లేని సీసా దాని చోటికి వచ్చింది.

సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లమే నేడు గురి పరికరంగా కూడా పనిచేస్తోంది. అండాశయపు క్యాన్సరు వంటి కొన్నిటిలో కణాల మీద ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకొనే గ్రాహకాలు మామూలుకంటె ఎక్కువగా ఉంటాయి. అందుచేత పరిశోధకులు నానో రేణువు పూత చివరన ఫోలిక్ ఆమ్లాన్ని అతికించి, ఆ కణాలు దానిని లోపలికి లాగుకొనేటట్లు చేస్తారు. మెథోట్రెక్సేట్‌నే 13 నానోమీటర్ల బంగారు రేణువులకు తగిలించిన పరిశోధన తైవాను నుండి 2007లో వెలువడింది. ఎలుకలలోని ఊపిరితిత్తుల గడ్డలను ఆ జంట అణచగా, అంతే మోతాదు మందు ఒంటరిగా ఇచ్చినప్పుడు ఫలితం కనిపించలేదు.

రక్తంలో ప్రయాణం

ఉప్పు ఒక్కటే శత్రువైతే బంక పూత చాలేది. రక్తంలో మరొక కాపలా ఉంది. పరాయి రేణువు కనిపించగానే రక్తంలోని ప్రోటీనులు దానికి అంటుకొంటాయి. ఆ గుర్తును చూసి కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉన్న భక్షక కణాలు దానిని మింగివేస్తాయి. ఈ కాపలాను తప్పించుకోవడానికి దారి 1977లో దొరికింది. అమెరికాలో ఫ్రాంక్ డేవిస్ బృందం పాలీఎథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ గొలుసులను ప్రోటీనులకు తగిలిస్తే అవి రక్తంలో ఎక్కువసేపు నిలుస్తాయని చూపింది. మలబద్ధకానికి మేము రాసే పొడులలో ఉండేదీ ఆ జాతి పాలిమరే. అది నీటిని తన చుట్టూ పట్టి ఉంచుతుంది గనుక ప్రోటీనులు సులభంగా అంటుకోలేవు. బంగారానికి దీనిని తొడగడం సులువు. గంధకం బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పాలిమర్ గొలుసు కొసన గంధకం చేరిస్తే, ఆ కొస బంగారాన్ని అంటిపెట్టుకొని, మిగిలిన గొలుసు వరిమొలకల వలె బయటికి నిలుస్తుంది.

1986లో జపాను శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా మరొక సంగతి తెలిపారు. గడ్డలో హడావిడిగా పెరిగిన రక్తనాళాల గోడలు చిల్లులు పడి ఉంటాయి. కాబట్టి రక్తంలో చాలాసేపు తిరిగే పెద్ద అణువులు అక్కడ కారి నిలిచిపోతాయి. దీర్ఘకాలం తిరగడానికి పాలిమర్ పూత, కారి నిలవడానికి చిల్లుల నాళాలు, పట్టుకొనడానికి ఫోలిక్ ఆమ్లం వంటి కొక్కెం. కాగితం మీద ఏర్పాటు పూర్తయింది.

మనుషులలో ఏమి జరిగింది?

గడ్డల రక్తనాళాలను దెబ్బతీసే టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీనును నేరుగా రక్తంలోనికి ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. దానిని పాలీఎథిలీన్ గ్లైకాల్‌తో పాటు 27 నానోమీటర్ల బంగారు రేణువు మీద అమర్చి, అమెరికాలో ముదిరిన క్యాన్సరుగల సుమారు 30 మందికి ఇచ్చారు. 2010లో వెలువడిన ఆ తొలిదశ ఫలితాలు రెండు సంగతులు తెలిపాయి. పూర్వం మనిషి తట్టుకోలేని మోతాదులను ఈ రూపంలో తట్టుకోగలిగారు. గడ్డల నుండి తీసిన ముక్కలలో బంగారు రేణువులు కనిపించాయి. అయితే అది ప్రధానంగా భద్రతను చూసే పరీక్ష. గడ్డ స్పష్టంగా కుంచించుకుపోయినది ఒక్కరిలోనే.

2019లో బంగారు తొడుగుగల సిలికా రేణువులను రక్తంలో ఎక్కించి, పరారుణ లేజరుతో వేడిచేసి ప్రోస్టేటు గడ్డలను కాల్చే పద్ధతిని 16 మందిలో పరీక్షించారు. ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. 2021లో మెదడు క్యాన్సరుగల ఎనిమిది మందిలో జన్యు పదార్థం తొడిగిన బంగారు రేణువులు రక్తం నుండి మెదడు గడ్డకు చేరగలవని తేలింది. చేరడం వేరు, నయం చేయడం వేరు.

దీనికి ఎదురుగా నిలిచిన లెక్క ఒకటుంది. 2016లో టొరంటో విశ్వవిద్యాలయపు వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్లలో జంతువుల మీద జరిగిన నానో రేణువుల పరిశోధనలన్నిటినీ సమీక్షించింది. ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరినది మధ్యస్థంగా 0.7 శాతం మాత్రమేనని తేల్చింది. అంటే వెయ్యి రేణువులలో ఏడు. మిగిలినవాటిలో అధిక భాగం కాలేయానికీ ప్లీహానికీ పోతుంది. బంగారం జీర్ణం కాదు, విచ్ఛిన్నం కాదు. మూత్రపిండాలు వడపోయగలిగే ఐదారు నానోమీటర్ల పరిమాణం దాటితే అది దేహంలో చాలాకాలం ఉండిపోవచ్చు. క్యాన్సరుకు బంగారు నానో రేణువుల మందు ఒక్కటీ ఇంతవరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందకపోవడానికి ఇవి ముఖ్య కారణాలు.

దీనిని చూసి నానో విద్య అంతా వ్యర్థమని అనుకోవద్దు. పాలిమర్ పూతగల కొవ్వు బుడగలలో నింపిన డాక్సోరూబిసిన్ 1995 నుండి వాడుకలో ఉంది. బంగారు రేణువులు మీ ఇంటికీ వచ్చే ఉంటాయి. గర్భనిర్ధారణ పట్టీ మీదా, ఏజెన్సీ గ్రామాలలో మలేరియా పరీక్షించే పట్టీ మీదా, కరోనా నాటి తక్షణ పరీక్షలోనూ కనిపించే ఎర్రగీత చాలా వరకు ఫారడే చూసిన ఎర్రని బంగారమే. దేహం వెలుపల ఆ రేణువు ఉద్యోగంలో స్థిరపడింది. దేహం లోపల ఇంకా పరీక్షార్థిగానే ఉంది.

మీకు నా విన్నపం

ఎవరైనా బంగారు మందు అమ్మితే మూడు ప్రశ్నలు అడగండి. దీనికి ఔషధ నియంత్రణాధికారి అనుమతి సంఖ్య ఏది? ఏ క్యాన్సరుకు, ఎంతమంది మనుషులలో పరీక్షించారు? నోటిలో పోసిన చుక్క పేగు దాటి రక్తంలో చేరి గడ్డను ఎలా పట్టుకుంటుంది? ఇంతవరకు నేను చెప్పిన మానవ పరీక్షలన్నిటిలో మందును రక్తనాళంలోనికే ఎక్కించారు. ఒక్కదానిలోనూ తాగించలేదు. నిజమైన ప్రయోగంలో పాల్గొనే రోగి వద్ద డబ్బు తీసుకొని సీసాలు అమ్మరు. రాతపూర్వకంగా అంగీకారం తీసుకుంటారు.

మెథోట్రెక్సేట్‌తో నోరు పూయడం మాకు తెలిసిన బాధే. దానికి మోతాదు సవరించడం, రక్తపరీక్ష చూడడం వంటి మార్గాలు ఉన్నాయి. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. మానిన వారాలకు బదులుగా ఒకేసారి రెట్టింపు వేయడం ఇంకా ప్రమాదం. వారానికొక మారు వేయవలసినది రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఖర్చు భయం ఉంటే ఆరోగ్యశ్రీ కింద క్యాన్సరు చికిత్స ఉన్నదని గుర్తుంచుకోండి. ధనిక దేశాలలో నేడు ఈ రకపు ల్యుకేమియా వచ్చిన పదిమంది పిల్లలలో ఎనిమిది మందికి పైగా బతికి బట్టకడుతున్నారు. వారిని బతికించినది రెండు మూడేళ్లపాటు విడవకుండా వేసిన పాత మాత్రలే.

ఆనాడు ఆ తండ్రి అంతా విని, కాసేపు సీసా వంక చూసి, "గోలీలు ఆ పెద్దాయన చేసినయేనా సారూ?" అని అడిగాడు. ఆ వంశంలోనివేనన్నాను. అక్కడినుండే పిల్లవానికి వైద్యం చేస్తున్న డాక్టరుకు ఫోను చేసి మాట్లాడించాను. రెండు రోజులకు రక్తపరీక్ష చేసి, నోటిపూత తగ్గే మందు ఇచ్చి, మోతాదు సరిచూసి మాత్రలు తిరిగి మొదలుపెట్టారు. ఆ మూడు వారాల ఖాళీ ఏమి చేసిందో రానున్న నెలల పరీక్షలు చెప్పాలి. మీ ఇరుగుపొరుగున ఇటువంటి సీసా కనిపిస్తే, మాత్రలు మానకముందే ఈ చరిత్ర వారికి చెప్పండి.